నా కోసం తవ్విన గొయ్యి

మా ఊరి చర్చి వెనకాల సమాధుల దొడ్డిలో, తుమ్మచెట్టుకు కాస్త ఇవతల, నా కొలతకు తవ్విన గొయ్యి ఒకటి ఈ వేసవంతా ఖాళీగా పడి ఉంది. ఊళ్లోవాళ్లు దాని వంక చూసేవారు కాదు. గేదెలు తోలుకెళ్లేవాళ్లు కూడా చుట్టూ తిరిగి పోయేవారు. నేను మాత్రం నడక మళ్లీ నేర్చుకున్న దగ్గర్నుంచి కర్ర పట్టుకుని రోజూ అక్కడిదాకా వెళ్లి వచ్చేవాణ్ణి. రోజూ నడవమని డాక్టరమ్మ చెప్పింది. ఎటు నడవాలో చెప్పలేదు.

ఇది రాయడానికి ఒక కారణం నా వేళ్లు. పెన్ను ఇంకా సరిగా నిలవడం లేదు, రాస్తూ ఉంటే పట్టు వస్తుందన్నారు. రెండో కారణం మా ఇంటికి వచ్చే జనం. వచ్చిన ప్రతివాడూ మంచినీళ్లు తాగి, మూతి తుడుచుకుని, గొంతు తగ్గించి, "పైన ఏం కనపడింది సుందర్రావ్?" అని అడుగుతాడు. పైన ఏమీ కనపడలేదు. నేను పైకి వెళ్లలేదు. గుంటూరులో ఒక ఆస్పత్రి మంచం మీద వెల్లకిలా పడుకుని, కింద మనుషులు మాట్లాడుకున్నది విన్నాను. అది చెబుతానంటే మాత్రం వాళ్లకు పని గుర్తొస్తుంది.

నేను అద్దంకి దగ్గర పల్లెలో కౌలు భూమిలో మిరప వేసేవాణ్ణి. బడి పదో తరగతితో ఆగింది, చదువు ఆగలేదు. అద్దంకి గ్రంథాలయంలో వైద్యం, చట్టం, గ్రహాలు, పురుగుమందులు, ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో అక్కడి ఉద్యోగి నన్నడిగి తెలుసుకుంటాడు. మా అన్న ప్రసాదరావు సంఘపెద్ద. ఆయన నన్ను పుస్తకాల పురుగు అంటాడు. పురుగు కనీసం కాగితాన్ని తిని అరిగించుకుంటుంది. మా అన్న ముప్పై ఏళ్లుగా వాక్యం చదువుతున్నాడు, ఒక్క ముక్క అరిగిన జాడ లేదు.

ఫిబ్రవరి చివర, కల్లంలో

కాయ కోసి కల్లంలో ఆరబోశాం. కాయ ఎండినన్నాళ్లూ ఎవరో ఒకరు అక్కడే పడుకోవాలి, లేకపోతే తెల్లారేసరికి కుప్ప సగం అవుతుంది. మా ఆవిడ రూతమ్మ మంచం తీసుకెళ్లమంది. నేను తీసుకెళ్లలేదు. ఖాళీ గోతాలు పరుచుకుని పట్టా పక్కన నేలమీదే పడుకున్నాను.

తెల్లవారాక కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి. వాంతి. ఇంటికి వచ్చేసరికి కనురెప్పలు వాలిపోతున్నాయి. ఎత్తుదామంటే లేవవు. మా వీధి వీధంతా వైద్యులే కాబట్టి అందరూ కలిసి తేల్చేశారు. కల్లంలో పడుకున్నవాడికి కళ్లు మూసుకుపోతే కారం పడినట్టు. కడుపు మండితే కారం ఘాటు లోపలికి పోయినట్టు. పుట్టిన దగ్గర్నుంచి మిరపకాయల మధ్య బతికే జనం. ఈ నేల మీద మనిషికి ఏ బాధ వచ్చినా అది కారం బాధే.

కళ్లలో మజ్జిగ పోశారు. ఒకావిడ చంటిబిడ్డ తల్లిని పిలిపించి చనుబాలు పిండించింది. మా వీధి ఆర్ఎంపీ వచ్చి, "గ్యాసు పైకి ఎగదన్నింది" అని ఒక సూది పొడిచి, "మీ ఆయన పుస్తకాలు చదివి చదివి కళ్లు పాడుచేసుకున్నాడు రూతమ్మా" అని సలహా కూడా ఇచ్చాడు. ఆయన చదివింది మందు సీసాల మీది చీటీలు. అవైనా పూర్తిగా చదివాడని నేను నమ్మను.

నీళ్లు మింగుడు పడలేదు. మాట ముద్దగా వచ్చింది. అప్పుడు మా అన్న కారు మాట్లాడాడు. ఆయన మీద ఎంత కోపమున్నా ఇది చెప్పకపోతే అబద్ధమవుతుంది, నన్ను చంటిబిడ్డలా ఎత్తుకుని కారులో పెట్టింది ఆయనే. దారిలో ఊపిరి ఆగిపోయింది. రోడ్డు పక్కన ఏదో చిన్న ఆస్పత్రి కనపడితే అక్కడ దించారు. ఒక డాక్టరు పరుగెత్తుకొచ్చి గొంతులో గొట్టం వేసి, అంబులెన్సు ఎక్కించి గుంటూరు పంపాడు. ఆయన పేరు కూడా మాకు తెలియదు. ఇందులో నేను తిట్టని కొద్దిమందిలో ఆయన ఒకడు.

మార్చి మొదట, గుంటూరులో

మెలకువ వచ్చింది. ఇలా రాయడం తేలిక. కళ్లు తెరవలేని, వేలు కదపలేని, ఊపిరి కూడా తనది కాని మెలకువకు వేరే మాటేదైనా ఉందేమో నేను చదివిన పుస్తకాల్లో దొరకలేదు. యంత్రం బుస్సుమని గాలి తోస్తుంది, ఛాతీ లేస్తుంది. ఆగుతుంది, ఛాతీ పడుతుంది. నేను ఆ ఛాతీలో అద్దెకున్నవాణ్ణి.

చెవులు మాత్రం శుభ్రంగా పనిచేస్తున్నాయి. దేవుడు నాకు ఏదో ఒకటి మిగల్చాలనుకుంటే చెవులే మిగిల్చాడు. మా బంధువర్గం సంగతి ఆయనకు తెలియనట్టుంది.

యువ డాక్టరు ఒకడు పొద్దునా సాయంత్రం వచ్చేవాడు. రెప్ప ఎత్తి లైటు వేసేవాడు. కంటిపాప చలించలేదని పక్కనున్న నర్సుకు చెప్పేవాడు. నాకు ఆ లైటు మధ్యాహ్నపు సూర్యుడిలా కనపడేది. దారిలో ఊపిరి ఆగినప్పుడు గాలి అందక మెదడు చచ్చిపోయి ఉంటుందని ఆయన మొదటిరోజే అనుకున్నాడు. అనుకున్నాక మళ్లీ ఆలోచించాల్సిన పని ఆయనకు కనపడలేదు. పెద్ద చదువుల్లో ఉన్న సుఖం ఇదే. మా ఆర్ఎంపీ గ్యాసు అన్నాడు, ఈయన ఇంగ్లీషులో అన్నాడు.

నర్సుల్లో ఒక అమ్మాయి ఉండేది. ఏం చేసినా ముందు నాతో చెప్పేది. "కళ్లలో చుక్కలేస్తున్నా అంకుల్, చల్లగా ఉంటాయి." "పక్కకి తిప్పుతున్నాం అంకుల్." తోటివాళ్లు నవ్వేవారు, ఆయనకు వినపడుతుందా ఏంటే అని. వినపడకపోతే నష్టమేంటి అనేది. అప్పటిదాకా ఆ గదిలో తిరిగిన జనంలో నన్ను పలకరించింది ఆ పిల్ల ఒక్కతే. మిగతావాళ్లు నా మీదుగా మాట్లాడుకున్నారు, గట్టు మీదుగా మాట్లాడుకున్నట్టు.

బయట వరండాలో రూతమ్మ ఉంది. ఆ సంగతులు ఆవిడ తరవాత చెప్పింది. ఇనుప కుర్చీలు, ఫోన్ల చార్జింగు కోసం తగాదాలు, క్యారేజీల్లో పులిసిన పప్పు, ఎవరి పేరు పిలిచినా అందరూ లేచి నిలబడటం. పొదిలి నుంచి వచ్చిన ఒకావిడ తన దుప్పటి సగం పరిచి చోటిచ్చిందట. ఆవిడ భర్త ట్రాక్టరు మీద నుంచి పడ్డాడు, నా పక్క మంచమే. ఇద్దరూ గోంగూర పచ్చడి పంచుకుని తిన్నారు. మొగుళ్ల గురించి మాట్లాడుకోలేదట. పచ్చడిలో వెల్లుల్లి ఎక్కువైందా తక్కువైందా అని మాట్లాడుకున్నారట.

ఒకరోజు యువ డాక్టరు మావాళ్లను లోపలికి పిలిచి నా మంచం పక్కనే నిలబెట్టి చెప్పాడు. చేయగలిగిందంతా చేశామన్నాడు. ఆశ లేదన్నాడు. చనిపోయాడని అనలేదు. బతికున్నాడనీ అనలేదు. చివరకు, "ఇంటికి తీసుకెళ్తే మంచిదండీ. మీ ఇష్టం" అన్నాడు.

మా ప్రాంతంలో ఆస్పత్రికి వెళ్లొచ్చినవాళ్లకు ఈ మాటకు అర్థం చెప్పక్కర్లేదు. ఇంటికి తీసుకెళ్లడమంటే అంబులెన్సులో పడుకోబెట్టి, గొట్టానికి రబ్బరు తిత్తి తగిలించి, ఒక మనిషి దాన్ని నొక్కుతూ ఉండగా ఊరికి చేర్చడం. గడప దాటించి లోపల పడుకోబెట్టాక తిత్తి నొక్కడం ఆపి గొట్టం తీసేయడం. బయట పోయిన మనిషిని శవంగా ఇంట్లోకి తేకూడదు, వాకిట్లోనే ఉంచాలి. కొనఊపిరి ఉండగా గడప దాటితే ఇంట్లో పోయినట్టు లెక్క. మా తాతలు మతం మార్చుకున్నారు గానీ ఆ గడపను మార్చుకోలేదు.

మా అన్న వెంటనే ఊరికి ఫోను చేశాడు. నా తలాపునే నిలబడి చేశాడు. "సాయంత్రానికి తీసుకొస్తాం. పాస్టరు గారికి చెప్పండి. టెంటు వేయించండి. తుమ్మచెట్టు కాడ తవ్వమనండి, నాన్న పక్కన కాదు, అక్కడ రాయి పడుద్ది." ఆగి, మళ్లీ అన్నాడు. "మనిషి పొడుగే. చూసి తవ్వమనండి."

నా పొడుగు గురించి మా అన్న అంత శ్రద్ధగా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు.

అదే రోజు, మంచం పక్కన

రూతమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. ఆవిడ మాట్లాడకపోతే నాకు భయం, అది పెళ్లయిన దగ్గర్నుంచీ ఉన్నదే. తరవాత అంది: "డాక్టరు గారూ, ఈయన అవయవాలిస్తానని మాటిచ్చాడు. కళ్లు, గుండె, కిడ్నీలు, ఏవి పనికొస్తే అవి. మీరు తీసుకునే ఏర్పాటు చేయండి."

ఇది నిజం. నేను అవయవదానం గురించి గ్రంథాలయంలో దొరికినదంతా చదివి, ఇంట్లో అన్నం తింటూ, కల్లంలో తాలుకాయలు ఏరుతూ, విన్నవాళ్లకూ విననివాళ్లకూ చెప్పేవాణ్ణి. పూర్వం ఊపిరి ఆగితే చావు. ముక్కు దగ్గర దూది పెట్టి చూసేవారు, మా ఊళ్లో ఇప్పటికీ అంతే. ఊపిరి యంత్రం వచ్చాక చావు ఛాతీలోంచి తలలోకి కాపురం మార్చింది. ఊపిరిని నడిపించే మెదడు కాండం చచ్చిపోతే గుండె కొట్టుకుంటున్నా మనిషి చచ్చినట్టే. దాన్ని తేల్చడానికి నలుగురు డాక్టర్లు గంటల ఎడంతో రెండుసార్లు పరీక్ష చేయాలి. ఇదంతా రూతమ్మ విని విని విసుక్కునేది. విసుక్కుంటూ గుర్తుపెట్టుకుంది.

మంచం మీద పడుకుని నా సిద్ధాంతం నన్ను వసూలు చేసుకోవడానికి రావడం విన్నాను. నా ఉపన్యాసాల్లో ఒక భాగం అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది. పరీక్ష ఆఖరున యంత్రం ఆపి, మనిషి తనంతట తాను ఊపిరి తీస్తాడా అని చూస్తారు. తీయకపోతే చచ్చినట్టు. నేను తీయలేను. ఆ పరీక్షలో తప్పుతానని నాకంటే బాగా తెలిసినవాడు ఆ గదిలో లేడు. ఇంటికి తీసుకెళ్తే గడపలో చస్తాను. ఉంచితే పరీక్షలో చస్తాను. అరుద్దామనుకున్నాను. యంత్రం బుస్సుమంది.

మా అన్న తిరగబడ్డాడు. సమాధి చేసే శరీరాన్ని ముక్కలు చేయనివ్వనన్నాడు. ఊళ్లో తలెత్తుకోలేమన్నాడు. మొగుణ్ణి కోయించి అమ్ముకుందంటారు అన్నాడు. అదప్పటికే అంటున్నారని నాకు తరవాత తెలిసింది. మా ఊళ్లో ఏ వార్తయినా ఆస్పత్రి బిల్లు కంటే ముందు చేరుతుంది. చివరకు తన పెద్ద ఆయుధం తీశాడు.

"పునరుత్థానం రోజున కళ్లు లేకుండా లేస్తాడా మావాడు? చెప్పమ్మాయ్."

"మీ నాయన్ని పెట్టి ఇరవై ఏళ్లయింది బావగారూ," అంది రూతమ్మ. "ఆ గోతిలో ఆయన కళ్లు ఇంకా ఉన్నాయా?"

యువ డాక్టరు దగ్గాడు. సంఘపెద్ద అయిన దగ్గర్నుంచి మా అన్నను ఎవరూ ప్రశ్న అడగలేదు. ప్రశ్న అనేది కిందనుంచి పైకి కూడా రావచ్చని ఆయనకు అప్పుడే తెలిసి ఉంటుంది.

"నాకు తెలియదు బావగారూ చచ్చాడో లేదో," అంది రూతమ్మ. "ఈ బాబుకీ తెలియదు, అందుకే ఇంటికి తీసుకెళ్లమంటున్నాడు. నలుగురు పెద్ద డాక్టర్లు వచ్చి తేల్చాలని ఈయన చెప్పేవాడు. తేల్చమనండి. తేలాక కోసుకోమనండి. తేలకుండా గొట్టం మీద చెయ్యి వేయనివ్వను."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నన్ను ఎద్దేవా చేసేవాళ్లు కూడా ఇది చదవాలి. మన దగ్గర ఈ మెదడు చావును చట్టం పట్టించుకున్నది అవయవాలు ఇచ్చేవాడి కోసం. ఇస్తానన్నవాడిని పెద్ద డాక్టర్లు కూర్చుని, నిబంధన ప్రకారం, రెండుసార్లు పరీక్షించి చచ్చాడో లేదో తేలుస్తారు. ఇవ్వనివాడికి అంత మర్యాద దొరకడం అరుదు. వాణ్ణి ఇంటికి తీసుకెళ్లమంటారు. ఒకే గదిలో, ఒకే యంత్రం కింద, ఒకేలా పడి ఉన్న ఇద్దరికి రెండు రకాల చావులు. ఇంత పెద్ద తేడాను ఇన్నాళ్లూ ఎవరూ సిగ్గుపడకుండా నడుపుకొస్తున్నారు.

పొదిలి ఆవిడ భర్తను ఆ మధ్యాహ్నమే తీసుకెళ్లారు. తిత్తి నొక్కే మనిషి చిన్నగా ఈల వేస్తూ మంచం తోసుకుపోవడం విన్నాను. వెళ్లేముందు ఆవిడ దుప్పటి రూతమ్మకే ఇచ్చేసింది, ఇక నాకెందుకు అక్కా అని. ఆ మనిషి అప్పటికి చచ్చాడో లేదో నాకు తెలియదు. ఆవిడకూ తెలియదు. యువ డాక్టరుకు తెలుసునని నేను నమ్మను. ఏమో, నిజంగానే పోయి ఉండవచ్చు. కానీ తేల్చాలి కదా.

సందర్శకుల వేళ అయిపోయాక మా అన్న ఒక్కడే లోపలికి వచ్చాడు. నా పాదాలు పట్టుకుని చూశాడు. "చల్లగా ఉన్నాయిరా చిన్నోడా" అన్నాడు. దుప్పటి కిందికి లాగి పాదాలు కప్పాడు. తరవాత ముక్కు చీదిన చప్పుడు. మధ్యాహ్నం నా గొయ్యికి కొలత చెప్పిన నోరు, సాయంత్రం నా పాదాలు చల్లగా ఉన్నాయంది. వీటిలో ఏది మా అన్న అని చాలా రోజులు ఆలోచించాను. రెండూ ఆయనే. అందుకే అసహ్యం వేస్తుంది.

మర్నాడు

నన్ను తేల్చడానికి వచ్చిన డాక్టర్లలో పెద్దావిడ మెదడు నరాల డాక్టరు. ఆవిడ కంఠం గరుకుగా, బడిపంతులమ్మ కంఠంలా ఉంది. పరీక్ష మొదలుపెడతారని నేను బిగుసుకున్నాను. ఇది మాటవరసకు, నేను అప్పటికే బిగుసుకుని ఉన్నాను. ఆవిడ పరీక్ష మొదలుపెట్టలేదు. మెదడు ఎందుకు పోయిందనుకుంటున్నావ్ అని యువ డాక్టరును అడిగింది. ఊపిరి ఆగడం వల్ల అన్నాడు. ఊపిరి ఎందుకు ఆగింది అంది. మెదడు దెబ్బతినడం వల్ల అన్నాడు. ఎద్దు గానుగ చుట్టూ తిరిగినట్టు తిరిగి బయలుదేరిన చోటికే వచ్చాడని ఆయనకే వినపడి ఉంటుంది.

రూతమ్మను పిలిపించారు. ముందు రోజు ఏం తిన్నాడు, పొలంలో మందు కొట్టాడా, ఏమైనా మాత్రలు వేసుకుంటాడా అని అడిగింది డాక్టరమ్మ. విషం గానీ మత్తుమందు గానీ ఒంట్లో ఉండే అవకాశముంటే ఈ పరీక్షే చేయకూడదు. అది మొదటి నిబంధన. నేనూ చదివాను, పరీక్షల భాగం ఆసక్తిగా ఉందని ఆ పేజీ గబగబా తిప్పేశాను.

"ఎక్కడ పడుకున్నాడమ్మా?"

"కల్లంలోనండి."

"మంచం మీదా?"

"కాదండి. మంచం తీసుకెళ్లమంటే వినలేదు. నేల మీద, గోతాలేసుకుని."

"కట్లపాము," అంది డాక్టరమ్మ. ఎవరినో చాలా రోజుల తరవాత గుర్తుపట్టినట్టు అంది.

కట్లపాము నేల మీద పడుకున్నవాడిని కరుస్తుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు వెతికినా దొరక్కపోవచ్చు. పొద్దున కడుపు నొప్పితో లేస్తాడు, రెప్పలు వాలతాయి, మింగలేడు, ఊపిరి ఆగుతుంది. కంటిపాప కూడా కదలదు. మెదడు మాత్రం లోపల కూర్చుని అంతా చూస్తూ ఉంటుంది. మిరపకూ పత్తికీ పుట్టినిల్లయిన ఈ నేల మీద ఈ పాము సంగతి తెలియకపోవడం, బెజవాడలో ఉండి కృష్ణ ఎటు పారుతుందో తెలియకపోవడం లాంటిది. అయినా నా కళ్లలో మజ్జిగ పోశారు. నన్ను కూడా వదలను. గ్రంథాలయం మూడో బీరువాలో పాముల పుస్తకం ఉంది. దానికి అట్ట బాగాలేదని నేను ఎప్పుడూ తీయలేదు.

మెదడు అలలు గీసే యంత్రం తెచ్చి దాని తీగలు నా తలకు అంటించారు. డాక్టరమ్మ నా చెవి దగ్గరకు వంగింది. ఆవిడ నోట్లో యాలక్కాయ నలిగిన చప్పుడు.

"సుందర్రావు గారూ, మీకు వినపడుతోందని అనుకుంటున్నాను. పదమూడో ఎక్కం మనసులో చెప్పుకోండి."

పదమూడో ఎక్కం నాకు బడిలో ఎప్పుడూ సరిగా రాలేదు. ఆ రోజు తప్పు లేకుండా చెప్పేదాకా వదల్లేదు. పదమూడు ఎనిమిదుల దగ్గర తడబడి, మళ్లీ మొదటి నుంచి చెప్పాను. అంత భక్తిగా నేను ప్రార్థన కూడా చేయలేదు. యంత్రం మీద గీతలు మారాయట. ఆపమంటే ఆపాను, గీతలు మళ్లీ మొదటిలా అయ్యాయట. ఇంకోసారి చెప్పమంది.

"ఈయన మనకంటే మెలకువగా ఉన్నాడు," అంది డాక్టరమ్మ. "తీసుకోవడానికి ఇక్కడ ఏమీ లేదమ్మా. బాగయ్యాక తీసుకెళ్లు, నీకే కావాలి."

మేడం, హిస్టరీలో ఎవరూ చెప్పలేదు అన్నాడు యువ డాక్టరు. అడిగావా అంది ఆవిడ. అంతకంటే ఏమీ అనలేదు. నేనైతే ఇంకా చాలా అనేవాణ్ణి.

నా చావును రుజువు చేయడానికి వచ్చినవాళ్లు నన్ను బతికించారు. నన్ను ప్రేమించి ముక్కలు కాకుండా ఇంటికి తీసుకుపోదామనుకున్నవాళ్లు, గడప లోపల పడుకోబెట్టి, పాట పాడుతూ, గొట్టం పీకేవారు. నేను ఆ పాట కూడా వినేవాణ్ణి.

ఏప్రిల్, ఇంటికి

విషానికి విరుగుడు ఎక్కించి, అది దిగేదాకా యంత్రం మీదే ఉంచారు. ముందు కుడికాలి బొటనవేలు కదిలింది. నర్సు పిల్ల చూసి కేక వేసింది. తరవాత రెప్పలు. తరవాత, యంత్రం తోయకముందే నేనే తీసుకున్న ఒక ఊపిరి. అది ఎంత పనో చెప్పినా మీకు అర్థం కాదు. మీరు రోజంతా ఉచితంగా తీసుకుంటున్నారు.

ఇంటికి వచ్చేసరికి నా కోసం వేసిన టెంటు ఎప్పుడో పీకేశారు. టెంటువాడికి ఓణీల ఫంక్షను తగిలింది, అవే కుర్చీలు అటు వెళ్లాయి. గడప దాటేటప్పుడు పక్కింటామె దిష్టి తీసింది. చుట్టాలు వచ్చి ఏడ్చారు. పోయినవాడి కోసం దాచుకున్న ఏడుపు వృథా కానివ్వకుండా బతికొచ్చినవాడి మీద వాడేశారు.

పాస్టరు గారు వచ్చి ఆదివారం సాక్ష్యం చెప్పమన్నారు. చచ్చి లేచినవాడు మన సంఘంలో ఉండటం ఎంత గొప్ప అన్నారు. నేను చావలేదండీ అన్నాను. అది నీ వినయం అన్నారు.

సరేనని వెళ్లాను. రూతమ్మ పట్టుకుంటే నిలబడ్డాను. నేను చావలేదు, పాము కరిచింది, మీరు కారం అన్నారు అని చెప్పాను. హల్లెలూయ అన్నారు. బతికున్నవాణ్ణి గడపలో చంపబోయారు అన్నాను. హల్లెలూయ. ఇకమీదట చచ్చాడో లేదో తేల్చనిదే ఎవర్నీ ఇంటికి తేవద్దు, నిజంగా పోయినవాడి అవయవాలు ఇంకొకరికి ఇవ్వండి, నేనైతే ఇప్పటికీ ఇస్తాను అన్నాను. ముందు వరసలో ముసలావిడ కళ్లు తుడుచుకుని అందరికంటే గట్టిగా హల్లెలూయ అంది. కిందకు దిగాను. ఈ జనానికి పాము విషం కూడా ఎక్కదనిపించింది.

జూన్, తొలకరి ముందు

మిగిలింది గొయ్యి. తవ్విన గొయ్యి ఖాళీగా ఉంటే ఎవరినో ఒకరిని అడుగుతుందని మా ఊరి నమ్మకం. ఖాళీగా పూడిస్తే పూడ్చినవాడిని అడుగుతుంది. కాబట్టి కూలికి ఎవరూ రాలేదు. సంఘం కమిటీ కూర్చుని, అరటిబోదెకు నా చొక్కా తొడిగి పాతిపెడదామని తీర్మానించింది. ఇది వాక్యానుసారం కాదుగానీ ఊరి మాట కాదనలేం అన్నారట పాస్టరు గారు. చొక్కా కోసం మా అన్న వచ్చాడు.

"ఇవ్వను," అన్నాను.

"గుండెకాయ ఇస్తానన్నోడివి, పాత చొక్కా ఇవ్వలేవంట్రా?"

మా అన్న జీవితంలో వేసిన మంచి జోకు అదొక్కటే. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. "గుండెకాయ బతికేవాడికిస్తాను. మీ పిరికితనానికి చొక్కా ఇవ్వను. తవ్వించింది నువ్వు, పూడ్చేది కూడా నువ్వే."

ఆయన వెళ్లిపోయాడు. మబ్బులు పట్టాయి. వాన పడితే గోతిలో నీళ్లు నిలిచి పిల్లలెవరైనా పడతారని రూతమ్మ కూడా మా అన్నకు కబురు చేసింది. రెండు రోజుల తరవాత నేను కర్ర పట్టుకుని నడక్కి వెళ్తే, తుమ్మచెట్టు దగ్గర మా అన్న ఒక్కడే ఉన్నాడు. చొక్కా విప్పి కొమ్మకు తగిలించాడు. పార పట్టి మట్టి లాగుతున్నాడు. అరవై దాటిన మనిషి, ఇరవై ఏళ్లుగా పార ముట్టనివాడు. రొప్పుతున్నాడు. వాళ్ల నాయన సమాధి గట్టు మీద కూర్చుని చూశాను. వాళ్ల నాయనంటే మా నాయనే. గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకం చంకలో ఉంది. తీయలేదు.

చాలాసేపటికి పార ఆపాడు. నా వైపు చూడలేదు.

"అంతా విన్నావంటగా."

"విన్నాను."

"తవ్వమని చెప్పింది..."

"పొడుగు చూసి తవ్వమన్నావు."

తల ఊపాడు. పార కర్రను అరచేతిలో తిప్పాడు. అరచేయి పొక్కింది.

"సాయంత్రం నేనొక్కణ్ణే వచ్చాను, అప్పుడు..."

"దుప్పటి కప్పావు," అన్నాను.

ఆయన మళ్లీ మట్టి లాగడం మొదలుపెట్టాడు. క్షమించమని అడగలేదు. అడిగితే ఏమనేవాణ్ణో నాకు తెలియదు. అడగకపోవడమే మేలయింది. గుట్టగా పోసిన మట్టంతా అయిపోయింది. ఎండకు ఎండి, గాలికి ఎగిరి, గేదెలు తొక్కి కొంత పోయి ఉంటుంది. గొయ్యి నిండలేదు. పైన ఇంకా వెలితి ఉంది, ఒక మనిషి పొడుగునా.

ఇద్దరం దానివైపు చూశాం. మా అన్న తట్ట తీసుకుని, చొక్కా వేసుకోకుండానే, మా కౌలు పొలం గట్టు వైపు బయలుదేరాడు. నాలుగడుగులు వేసి ఆగాడు.

"వస్తావా?" అన్నాడు. "మట్టి చూపిద్దువు."

కర్ర ఊతంగా లేచాను.